గ్యాస్‌కు వాసన ఎలా వచ్చింది?

వంటింట్లో గ్యాస్ లీకైతే కుళ్లిన కోడిగుడ్డు లాంటి వాసన వస్తుంది. "గ్యాస్ వాసన వస్తోంది, ఒకసారి చూడండి" అని ఇంట్లో ఎవరో ఒకరు కేకేస్తారు. నిజానికి గ్యాస్‌కు అలాంటి వాసన లేదు. సిలిండర్‌లో వచ్చే ఎల్‌పీజీ అయినా, పైపుల్లో వచ్చే సహజవాయువు అయినా శుద్ధి చేశాక రంగు ఉండదు, వాసన కూడా ఉండదు. ఆ చెడు వాసన మనుషులు కావాలని కలిపిందే. ఎందుకు కలిపారు అని వెనక్కి వెళ్లి చూస్తే, అమెరికాలోని ఒక బడి దగ్గర ఆగుతాం.

మన ఇంటి గ్యాస్ పైపు గురించి పెద్దలు చెప్పే జాగ్రత్తలు చాలా ఉన్నాయి. "ముట్టుకోకు, తిప్పకు, అగ్గిపుల్ల గియ్యకు, స్విచ్ వెయ్యకు" అంటారు. పిల్లలకు అవి విసుగు పుట్టించే మాటల్లా వినిపిస్తాయి. వాటిలో కొన్నింటి వెనక ఏ చరిత్ర ఉందో చెప్పడానికే ఈ వ్యాసం.

బొగ్గు గ్యాస్ కాలం

ఇళ్లలోకి గ్యాస్ మొదట వచ్చింది వంటకు కాదు, దీపానికి. 1792లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ ప్రాంతంలో, రెడ్రూత్ అనే ఊళ్లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు తన ఇంట్లో గ్యాస్ దీపం వెలిగించాడు. గాలి తగలకుండా మూసిన పాత్రలో బొగ్గును బాగా వేడి చేస్తే ఒక వాయువు వస్తుంది. దాన్ని గొట్టం ద్వారా తీసుకొచ్చి వెలిగించాడు. 1812లో లండన్‌లో ఊరంతటికీ గ్యాస్ అమ్మే కంపెనీ పుట్టింది. అప్పట్లో గ్యాస్ కోసం ప్రత్యేకంగా చేసిన పైపులు సరిపడా దొరికేవి కావు. ఐరోపాలో యుద్ధాలు ముగిశాక మిగిలిపోయిన తుపాకీ గొట్టాలను ఒకదానికొకటి బిగించి గ్యాస్ పైపులుగా వాడారు. అతుకుల దగ్గర లీకులు మామూలే.

మన ముంబైలో కూడా 1860ల నుంచి వీధుల్లో గ్యాస్ దీపాలు వెలిగాయి. బొగ్గు నుంచి గ్యాస్ తీసే కంపెనీ ఉండేది. లాల్‌బాగ్‌లో 'గ్యాస్ కంపెనీ లేన్' అనే పేరు ఆ కాలం గుర్తుగా ఇప్పటికీ ఉంది. పక్కనే బట్టల మిల్లులు. తెలంగాణ నుంచి వలస వచ్చిన మన పద్మశాలీలు ఎంతోమంది పనిచేసింది ఆ మిల్లుల ప్రాంతంలోనే.

బొగ్గు గ్యాస్‌లో గంధకం కలిసిన పదార్థాలు కొన్ని ఉండేవి. అందువల్ల దానికి సహజంగానే ఘాటు వాసన ఉండేది, లీకైతే ముక్కుకు తెలిసిపోయేది. తెలిశాక జనం ఏం చేసేవాళ్లంటే, లీకు ఎక్కడుందో వెతకడానికి వెలుగుతున్న కొవ్వొత్తి పట్టుకుని వెళ్లేవాళ్లు! ఆ పనివల్ల జరిగిన ప్రమాదాలకు లెక్క లేదు. "అగ్గిపుల్లతో లీకు వెతకొద్దు" అనే నియమం అంత పాతది.

వాసన లేని గ్యాస్ వచ్చింది

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో చమురు బావులు విపరీతంగా తవ్వారు. చమురుతో పాటు భూమిలోంచి సహజవాయువు కూడా వచ్చేది. దాన్ని ఏం చేయాలో తెలియక చాలాచోట్ల బావి దగ్గరే మంటపెట్టి కాల్చేసేవారు. దానికి బొగ్గు గ్యాస్‌లా ఘాటు వాసన లేదు.

టెక్సాస్ రాష్ట్రం తూర్పు భాగంలో న్యూ లండన్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టూ చమురు బావులే కాబట్టి, ఆ ఊరి బడికి పన్నుల రూపంలో డబ్బు బాగా వచ్చేది. దాదాపు పది లక్షల డాలర్లతో ఉక్కు, కాంక్రీటుతో పెద్ద భవనం కట్టారు. ఆ రోజుల్లో అది దేశంలోని సంపన్నమైన పల్లెటూరి బడుల్లో ఒకటి. చలికాలంలో గదులు వెచ్చగా ఉండడానికి ఒకేచోట బాయిలరు పెట్టి, ఆవిరిని అన్ని గదులకూ పంపాలని భవనం ప్లాను గీసినాయన రాశాడు. బడి పాలకవర్గం అది కాదని, గదుల్లో 72 గ్యాస్ హీటర్లు పెట్టించింది.

1937 మొదట్లో ఇంకో నిర్ణయం తీసుకున్నారు. అప్పటిదాకా డబ్బు కట్టి తెచ్చుకుంటున్న గ్యాస్ కనెక్షన్ మానేశారు. దగ్గరలో ఒక చమురు కంపెనీ, వ్యర్థమని కాల్చేసే గ్యాస్‌ను తీసుకెళ్లే పైపులైను ఉంది. ప్లంబర్ల చేత దానికి రంధ్రం పెట్టించి బడికి కలిపించారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు, చర్చిలవాళ్లు కూడా అలాగే చేసేవాళ్లు. కంపెనీలు ఒప్పుకోకపోయినా చూసీచూడనట్టు ఊరుకునేవి. దీనివల్ల బడికి నెలకు దాదాపు 300 డాలర్లు ఆదా అయ్యేది.

ఆ కనెక్షన్‌లో ఎక్కడో లోపం ఉండి గ్యాస్ కారింది. భవనం ఏటవాలు నేల మీద ఉండడం వల్ల నేలగదుల కింద పొడవునా ఖాళీ జాగా ఉంది. గ్యాస్ అక్కడ నిండింది. కొన్ని రోజులుగా పిల్లలు తలనొప్పి అంటున్నారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే ఏ వాసనా లేదు.

1937 మార్చి 18, గురువారం. మధ్యాహ్నం మూడు దాటింది. చిన్న తరగతుల పిల్లలను అప్పటికే ఇంటికి పంపేశారు. భవనంలో దాదాపు 500 మంది విద్యార్థులు, 40 మంది ఉపాధ్యాయులు ఉన్నారు. పక్కనే వ్యాయామశాలలో తల్లిదండ్రుల సమావేశం జరుగుతోంది. చేతిపనులు నేర్పే ఉపాధ్యాయుడు కర్రను నునుపు చేసే కరెంటు యంత్రం స్విచ్ వేశారు. ఆ నిప్పురవ్వ చాలింది. భవనం పైకి లేచి కూలిపోయింది. దాదాపు రెండు టన్నుల కాంక్రీటు ముక్క ఎగిరి, దూరంగా నిలిపి ఉన్న కారు మీద పడింది. సమావేశానికి వచ్చిన తల్లులు పరుగెత్తుకొచ్చి చూసేసరికి బడి లేదు.

చమురు బావుల్లో పనిచేసే కూలీలు వచ్చి, వానలో, రాత్రంతా లైట్లు పెట్టుకుని చేతులతోనే శిథిలాలు తొలగించారు. వాళ్లలో చాలామంది వెతికింది తమ పిల్లల కోసమే. మరుసటి రోజు ప్రారంభోత్సవం జరగాల్సిన టైలర్ పట్టణంలోని ఆసుపత్రిని, ఉత్సవం లేకుండా ఆ రోజే తెరిచేశారు. దాదాపు 300 మంది చనిపోయారు. ఎక్కువమంది పిల్లలే. ఇప్పటికీ అమెరికా చరిత్రలో అంతమందిని బలిగొన్న బడి ప్రమాదం ఇంకొకటి లేదు. జర్మనీ నుంచి హిట్లర్ కూడా సంతాపం తెలుపుతూ తంతి పంపాడు.

శిథిలాల్లో ఒక నల్లబల్ల దొరికిందట. చమురు, గ్యాస్ మా ప్రాంతానికి దొరికిన వరాలని, అవి లేకపోతే ఈ బడే ఉండేది కాదని దాని మీద రాసి ఉంది.

విచారణలో బడి అధికారులెవరినీ శిక్షించలేదు. బడి ముఖ్య అధికారి పదవికి రాజీనామా చేశారు. ఆయన కొడుకు కూడా ఆ ప్రమాదంలోనే చనిపోయాడు.

చేతులు కాలాక ఆకులు

అదే సంవత్సరం టెక్సాస్ శాసనసభ చట్టం చేసింది. జనం వాడే గ్యాస్‌లో ఘాటైన వాసన కలపాలి అని. తరువాత మిగతా రాష్ట్రాలూ, వేరే దేశాలూ అదే దారి పట్టాయి. అదే ఏడాది టెక్సాస్‌లో ఇంకో చట్టం కూడా వచ్చింది. అర్హత ఉండి, పేరు నమోదు చేయించుకున్నవాళ్లే ఇంజనీరుగా పనిచేయాలి అని.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. గ్యాస్‌కు వాసన కలపవచ్చని అప్పుడే కనిపెట్టలేదు. 1880లలోనే జర్మనీలో ఆ పని చేసి చూశారు. అంటే యాభై ఏళ్లుగా ఉపాయం తెలుసు. కానీ తప్పనిసరి చేసిన చట్టం టెక్సాస్‌లో లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

కలిపే పదార్థాల్ని మెర్కాప్టాన్లు అంటారు. వంద కోట్ల పాళ్ల గాలిలో ఒకటి రెండు పాళ్లు ఉన్నా మన ముక్కు పసిగట్టేస్తుంది. సహజవాయువు గాలిలో సుమారు 5 శాతం నుంచి 15 శాతం వరకు ఉన్నప్పుడే పేలుతుంది. వాసన ఎంత కలపాలంటే, పేలే స్థాయిలో ఐదో వంతుకు చేరేసరికే, అంటే గాలిలో ఒక్క శాతం గ్యాస్ ఉన్నప్పుడే మనిషికి తెలిసిపోవాలి. అంటే వాసన రాగానే కిటికీ తీయడానికి, బయటికి వెళ్లడానికి మనకు కొంత సమయం దొరుకుతుంది. ఆ సమయమే న్యూ లండన్ పిల్లలకు దొరకలేదు.

ఒక నట్టు కథ

వాసన కలిపినంత మాత్రాన అంతా అయిపోలేదు. 1968లో లండన్ నగరంలో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కొత్త భవనం కట్టారు. జనం చేరి రెండు నెలలే అయింది. మే 16 తెల్లవారుజామున 18వ అంతస్తులో ఉండే ఒకావిడ టీ పెట్టుకుందామని అగ్గిపుల్ల గీసింది. రాత్రే లీకైన గ్యాస్ ఆ ఇంట్లో నిండి ఉంది. పేలుడుకు గోడ ఊడి బయటికి పడింది. ఆ గోడ మీద ఆధారపడ్డ పై అంతస్తులు కూలి, ఆ బరువుకు కింది అంతస్తులు కూలి, భవనం ఒక మూల మొత్తం కుప్పకూలింది. నలుగురు చనిపోయారు. ఆవిడ మాత్రం బతికింది.

విచారణ చేస్తే తేలింది ఏంటంటే, పొయ్యిని గ్యాస్ లైనుకు కలిపే చోట ఉన్న ఇత్తడి నట్టు నాసిరకంది. అది పగిలి గ్యాస్ కారింది. అన్ని అంతస్తుల భవనానికి ఒక చిన్న నట్టు అంత పని చేసింది. భవనం కట్టిన తీరులోనూ పెద్ద లోపం ఉందని తేల్చి, ఇంగ్లండ్‌లో భవన నిర్మాణ నియమాలు మార్చారు.

"మనకు తెలిసినతనే, తక్కువలో బిగించేస్తాడు" అని పొయ్యి దగ్గరి పైపు పని ఎవరికి పడితే వాళ్లకు అప్పగించేవాళ్లు ఈ కథ గుర్తు పెట్టుకోవాలి. అపార్ట్‌మెంటులో ఒక ఇంటి పైపు ఆ ఇంటిది మాత్రమే కాదు.

మన కోనసీమలో

ఇప్పటిదాకా చెప్పినవి దూరదేశాల సంగతులు. మన తెలుగు నేల మీద కూడా ఒకటి జరిగింది. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో, భూమిలో ఉన్న పెద్ద గ్యాస్ పైపులైను పగిలింది. తెల్లవారుజామున గ్యాస్ మంచులా ఊరి మీద పరుచుకుంది. టీ కొట్టులో పొయ్యి వెలిగించగానే అంటుకుందని పత్రికలు రాశాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. తేమ తీసేసిన పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తేమ ఉన్న గ్యాస్ పంపడం వల్ల అది లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది.

ఇది ఇంటి పైపు కాదు, ఊళ్ల మీదుగా పోయే లైను. అయినా ఒక పాఠం మనకూ వర్తిస్తుంది. అంతకుముందే లీకు ఉందని, వాసన వస్తోందని తాము చెప్పామని ఊరివాళ్లు అన్నట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. న్యూ లండన్‌లో వాసనే లేదు. ఇక్కడ వాసన వస్తోందని చెప్పిన మాటను సమయానికి పట్టించుకున్నవాళ్లు లేరు.

మన ఇంటికి వస్తే

1955లో బర్మా షెల్ కంపెనీ ముంబైలో ఎల్‌పీజీ అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు మన అమ్మమ్మలు, నాయనమ్మలు బొగ్గుల కుంపటి, కిరసనాయిలు స్టవ్ మీదే వండారు. 1995లో ముంబైలో ఇళ్లకు పైపుల ద్వారా సహజవాయువు ఇచ్చే మహానగర్ గ్యాస్ సంస్థ ఏర్పడింది. ఇప్పుడు కొందరి ఇళ్లలో సిలిండర్, కొందరి ఇళ్లలో పైపు గ్యాస్. ఈ రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది.

ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే నేల మీదే పరుచుకుంటుంది, పొయ్యి గట్టు కింద, మూలల్లో నిలుస్తుంది. సహజవాయువు గాలికంటే తేలిక. పైకి లేచి కప్పు దగ్గర చేరుతుంది. అందుకే సిలిండర్ ఉన్న ఇంట్లో కింద గాలి ఆడాలి, తలుపు తెరవాలి. పైపు గ్యాస్ ఉన్న ఇంట్లో పైన వెంటిలేటర్ మూసెయ్యకూడదు. చలి అనీ, దుమ్ము అనీ వెంటిలేటర్‌కు అట్ట అంటించే ఇళ్లు చాలా ఉన్నాయి.

పొయ్యికి గ్యాస్ తెచ్చే రబ్బరు ట్యూబును ఐదేళ్లకోసారి మార్చాలి. పగుళ్లు కనిపిస్తే ఐదేళ్లు ఆగక్కర్లేదు. ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే కొనాలి. ట్యూబు పొడవు ఒకటిన్నర మీటరు దాటకూడదు. గోడలోంచి, కిటికీలోంచి పక్క గదికి లాగకూడదు.

సిలిండర్ పైన పిడి పట్టీల లోపలి వైపు 'సి-27' లాంటి అక్షరం, అంకె రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. 'సి-27' అంటే 2027 సెప్టెంబరు లోపు ఆ సిలిండర్‌ను మళ్లీ పరీక్షించాలి. గడువు దాటిన సిలిండర్ తెస్తే తీసుకోవద్దు.

పైపు గ్యాస్ ఉన్నవాళ్లు వంటిల్లు కొత్తగా చేయించుకునేటప్పుడు జాగ్రత్త పడాలి. అందం కోసం పైపును టైల్స్ వెనక, చెక్క బీరువా లోపల దాచేస్తే లీకైనా కనబడదు, మూసిన జాగాలో గ్యాస్ నిలుస్తుంది. న్యూ లండన్ బడి నేల కింద జరిగింది అదే. పైపు జరపాలన్నా, మీటరు మార్చాలన్నా గ్యాస్ సంస్థ పంపిన మనిషే చేయాలి. సిలిండర్ పొయ్యిని అలాగే తెచ్చి పైపు గ్యాస్‌కు కలపకూడదు. రెండింటికీ లోపలి జెట్ రంధ్రం వేరు.

లీకు అనుమానం ఉంటే సబ్బు నురుగు రాసి చూడాలి, బుడగలు వస్తే లీకు ఉన్నట్టే. వాసన గట్టిగా వస్తే మాత్రం పరీక్షలు చేస్తూ కూర్చోకూడదు. పొయ్యి, రెగ్యులేటర్ లేదా పైపు వాల్వు కట్టెయ్యాలి. కిటికీలు, తలుపులు తియ్యాలి. లైటు, ఫ్యాను స్విచ్ వెయ్యకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు. బయటికి వచ్చాకే ఫోను చెయ్యాలి. సిలిండర్ గ్యాస్ లీకుకు దేశమంతటా 1906 నంబరు ఉంది. పైపు గ్యాస్ వాళ్ల అత్యవసర నంబరు బిల్లు మీదే ఉంటుంది.

ముక్కు మీదే పూర్తిగా ఆధారపడటమూ మంచిది కాదు. ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. జలుబు చేసినవాళ్లకు, వయసు పైబడిన తాతయ్యలకు, నానమ్మలకు సరిగా తెలియదు. ఇంకొకటి, గ్యాస్ సరిగా కాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. దానికి ఎవరూ వాసన కలపలేరు కూడా. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజరు పెట్టి తలుపు, కిటికీ మూసుకుని స్నానం చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. పొయ్యి మంట నీలంగా కాకుండా పచ్చగా మండుతుంటే సరిగా కాలడం లేదని అర్థం, బాగు చేయించాలి.

న్యూ లండన్‌లో పిల్లలు తలనొప్పి అని చెప్పారు. నగరంలో జనం వాసన అని చెప్పారు. కాబట్టి అమ్మానాన్నలకు, టీచర్లకు ఒక విన్నపం. పిల్లలు గానీ, పని మనిషి గానీ, పక్కింటివాళ్లు గానీ "ఏదో వాసన వస్తోంది" అంటే "నీకెప్పుడూ అనుమానమే" అని కొట్టిపారెయ్యకండి. ఒకసారి లేచి చూడండి. తోటి విద్యార్థులకు కూడా ఒక పని. ఈ రోజు ఇంటికి వెళ్లాక గ్యాస్ ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చదవండి. ఐదేళ్లు దాటి ఉంటే ఇంట్లో చెప్పండి, మార్చేదాకా చెబుతూనే ఉండండి.